ప్లగ్ మొన్న నల్లగా, ఇవాళ తెల్లగా: కార్బురేటర్ మార్చాలా?

ప్రశ్న: అన్నా, నాది 2012 స్ప్లెండర్ ప్లస్. నాన్న వాడిన బండి, ఇప్పుడు నేను ఉప్పల్ నుంచి మాదాపూర్ ఆఫీసుకు రోజూ వేసుకెళ్తున్నా. ఒకప్పుడు లీటరుకు 60 ఇచ్చేది, మూడు నెలలుగా 45 దాటట్లేదు. స్పార్క్ ప్లగ్ విప్పి చూస్తే మసి పట్టి నల్లగా ఉంది. మా వీధి చివర మెకానిక్‌కి చూపిస్తే బండి రిచ్‌గా నడుస్తోందని, అంటే గాలికి పెట్రోల్ ఎక్కువైందని, ఆ రెంటినీ కలిపే కార్బురేటర్ స్క్రూ తిప్పి కొత్త ప్లగ్ వేశాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ విప్పితే ప్లగ్ తెల్లగా ఉంది! ఎక్సలేటర్ వదిలితే సైలెన్సర్‌లో టప్ టప్ మంటోంది, ఇంజన్ కూడా బాగా వేడెక్కుతున్నట్టుంది. ఇంకో మెకానిక్‌ని అడిగితే కార్బురేటరే మార్చాలంటున్నాడు. తెల్లగా ఉంటే పిస్టన్ పోతుందని ఎవరో అన్నారు, అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. రెండు ప్లగ్గుల ఫొటోలూ పంపుతున్నా. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, కార్బురేటర్ ఇప్పుడే కొనకు. పిస్టన్ గురించి కూడా అంత భయపడాల్సిన పని లేదు, ఎందుకో కింద చెప్తాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఫొటోలు పెద్దవి చేసి చూశాను. మొదటి ప్లగ్ చూసి మెకానిక్ రిచ్ అన్నాడు, రెండోది చూసి నువ్వు లీన్, అంటే గాలికి పెట్రోల్ చాలట్లేదని అనుకుంటున్నావు. నాకైతే ఆ రెండు ప్లగ్గులూ నీ కార్బురేటర్ గురించి పెద్దగా ఏమీ చెప్పలేదనిపిస్తోంది. మొదటి ప్లగ్ నీ ట్రాఫిక్ సంగతి చెప్పింది, రెండో ప్లగ్ తాను కొత్తదాన్నని చెప్పింది, అంతకు మించి వాటిలో ఏమీ లేదు. ప్లగ్ రంగు చూడటం తప్పని నేను అనట్లేదు, ముప్పై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాను. కానీ ప్లగ్ చెప్పేది ఇంజన్ ఆపే ముందు బండి ఎలా నడిచిందో, ఆ కాసేపటి సంగతి. ఏ వేగంలో, ఎక్సలేటర్ ఎంత తిప్పి, ఎంతసేపు నడిపాక ఆపావో తెలియకుండా దాని రంగు చూసి స్క్రూ తిప్పడం మాత్రం తప్పు.

మొదటి ప్లగ్ దగ్గర మొదలుపెడతాను. నువ్వు పొద్దున బయల్దేరి హబ్సిగూడ, తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, పంజాగుట్ట, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటి మాదాపూర్ చేరేసరికి బండి ఎంతసేపు నిజంగా నడిచింది, ఎంతసేపు మొదటి రెండు గేర్లలో పాకింది, ఎంతసేపు సిగ్నల్ దగ్గర ఊరికే తిరిగింది, ఒకసారి లెక్క వేసుకో. ప్లగ్ లోపలి కొన, అంటే తెల్ల పింగాణీ ఉన్న భాగం, సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పేరుకున్న మసి కాలిపోతుంది. దాన్నే ప్లగ్ తనను తాను శుభ్రం చేసుకోవడం అంటారు. 800 దాటి పైకి పోతే ఎర్రగా కాలి, స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకునే ప్రమాదం. ఈ రెండింటి మధ్య ఉంటేనే ప్లగ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. ఐడ్లింగ్‌లోనూ (బండి ఆగి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు), పాకే ట్రాఫిక్‌లోనూ కొన ఆ 450ని అందుకోదు. పైగా ఐడ్లింగ్‌లో ఇంజన్ ఆగకుండా తిరగాలంటే గాలి, పెట్రోల్ మిశ్రమం కాస్త చిక్కగానే, అంటే రిచ్‌గానే ఉండాలి, కంపెనీయే అలా పెడుతుంది. చిక్కటి మిశ్రమం, చల్లటి కొన, రెండూ కలిస్తే మసి పట్టక ఏం చేస్తుంది? ఆఫీసు పార్కింగ్‌లోనో ఇంటి గేటు ముందో బండి ఆపి ప్లగ్ విప్పితే కనిపించేది చివరి సిగ్నల్ నుంచి నడిచిన ఐదు నిమిషాల సంగతే. ఏ లోపమూ లేని బండి ప్లగ్ కూడా అలాంటప్పుడు నల్లగానే ఉండొచ్చు.

ఇక రెండోది. కొత్త ప్లగ్ పింగాణీ డబ్బాలోంచి తీసినప్పుడే తెల్లగా ఉంటుంది కదా! ఉప్పల్ మాదాపూర్ మధ్య రెండు రోజులు తిరిగితే ఓ వంద కిలోమీటర్లు అయి ఉంటుంది. ఇప్పటి పెట్రోల్‌తో రంగు పట్టడానికి అది చాలదు. మసి అయితే త్వరగా పట్టేది, కానీ స్క్రూ తిప్పి ఐడ్లింగ్‌లో పెట్రోల్ తగ్గించారు కాబట్టి అదీ పట్టలేదు. నువ్వు చూసింది లీన్ వల్ల వచ్చిన తెలుపు కాదు, ఇంకా రంగు పట్టని తెలుపు. రెంటికీ తేడా ఎలా తెలుస్తుందంటే, నిజంగా లీన్‌తో వేడెక్కిన ప్లగ్‌లో పింగాణీ మీద గాజు పూత పూసినట్టు మెరుపో చిన్న చిన్న బొబ్బలో వస్తాయి, స్పార్క్ పుట్టే లోహపు కొన, ఎలక్ట్రోడ్, అంచులు కరిగి గుండ్రంగా అవుతాయి, ముదిరితే పింగాణీ మీద ఆవగింజలో పదో వంతు ఉండే మెరిసే చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలు పిస్టన్ నుంచి కరిగి వచ్చిన అల్యూమినియం. అవి కనిపిస్తే బండి అక్కడికక్కడే ఆపేయాలి. నీ ఫొటోలో ఎలక్ట్రోడ్ అంచులు కొత్త బ్లేడులా పదునుగా ఉన్నాయి, పింగాణీ పొడిగా, మామూలుగా ఉంది. అందుకే పిస్టన్ గురించి భయపడొద్దన్నాను. అయినా ఫొటోను పూర్తిగా నమ్మకు. ఫోన్ కెమెరా రంగుల్ని తనకు తోచినట్టు సర్దుతుంది, ఫ్లాష్ వేస్తే గోధుమ రంగు కూడా తెల్లగా వస్తుంది. ప్లగ్‌ని పగటి వెలుతురులో, వీలైతే భూతద్దంతో, నీ కళ్లతోనే చూడాలి.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకంటే, ఒకసారి దీనివల్ల రోడ్డు మీద పడబోయాను. 1998లో నా దగ్గర ఆర్‌ఎక్స్ 100 ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో నెలంతా తిప్పి, మైలేజీ రావట్లేదని ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ప్లగ్ విప్పాడు, నల్లగా ఉంది, టూ స్ట్రోక్ బండికి ఆయిల్ కూడా కలిసి కాలుతుంది కాబట్టి ఇంకాస్త నల్లగానే ఉంటుంది. పెట్రోల్ ఎక్కువ పోతోందని మెయిన్ జెట్, అంటే ఫుల్ ఎక్సలేటర్‌లో పెట్రోల్ పోయే సన్న రంధ్రపు మర, తీసి ఒక సైజు చిన్నది వేశాడు. ఊళ్లో నడిపితే ఏ తేడా తెలియలేదు, తెలియదు కూడా, ఎందుకంటే ఊళ్లో మెయిన్ జెట్ దాకా మనం ఎక్సలేటర్ తిప్పం. ఆ ఆదివారం విజయవాడ రోడ్డు ఎక్కాను. హయత్‌నగర్ దాటాక ఫుల్ ఎక్సలేటర్ మీద పోతుంటే చౌటుప్పల్ ఇంకా కొద్ది దూరం ఉందనగా ఇంజన్ గొంతు ఒక్కసారిగా మారి, వెనక చక్రం పట్టేసింది. పిస్టన్ సీజ్, అంటే సిలిండర్‌లో ఇరుక్కుపోయింది. చెయ్యి అప్పటికే క్లచ్ మీద ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఈ జవాబు రాసేవాణ్ణి కాదేమో. బోర్ చేయించి కొత్త పిస్టన్ వేయించుకున్నాను. ఐడ్లింగ్‌లో పట్టిన మసిని చూసి ఫుల్ ఎక్సలేటర్‌కి పెట్రోల్ పంపే జెట్‌ను మార్చడం ఎంత పెద్ద పొరపాటో నాకు అప్పుడు అర్థమైంది.

కార్బురేటర్ అంటే ఒక్క కుళాయి కాదు తమ్ముడూ, దానిలో మూడు నాలుగు దార్లున్నాయి. ఎక్సలేటర్ సున్నా నుంచి పావు వంతు వరకు పైలట్ జెట్, దాని స్క్రూ చూసుకుంటాయి. పావు నుంచి ముప్పావు వరకు సూది, ఆ సూది దిగే జెట్. ముప్పావు దాటితేనే మెయిన్ జెట్. వీటి మధ్య గోడలేమీ లేవు, ఒకదానిలోంచి ఒకటి కలిసిపోతుంటాయి, పావు వంతు దగ్గర స్లైడ్ (ఎక్సలేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) కింద కోసిన కోణం కూడా పని చేస్తుంది. ఒక దారి రిచ్‌గా, ఇంకోటి లీన్‌గా ఉండటం మామూలే. అందుకే "బండి రిచ్‌గా ఉంది" అని ఎవరైనా అంటే, ఎక్సలేటర్ ఎంత తిప్పినప్పుడు అని వెంటనే అడుగు. దానికి జవాబు చెప్పలేనివాడిని స్క్రూ ముట్టుకోనివ్వకు.

ఇప్పుడు నీ మెకానిక్ తిప్పిన స్క్రూ సంగతి. అది చూసేది ఐడ్లింగ్ నుంచి పావు ఎక్సలేటర్ దాకానే. ఎక్సలేటర్ వదిలినప్పుడు టప్ టప్ అనడం ఆ దారిలో పెట్రోల్ తగ్గిందనడానికి మంచి గుర్తు, సిలిండర్‌లో అంటుకోకుండా బయటపడ్డ మిశ్రమం వేడి సైలెన్సర్‌లో పేలుతుంది. సైలెన్సర్ మొదట్లో గ్యాస్కెట్ లీకైనా అలాగే వస్తుంది, అదీ చూసుకో. కాబట్టి మొదటి పని ఆ స్క్రూను పాత చోటికి తేవడం. ఎన్ని చుట్లు తిప్పాడో మొహమాటపడకుండా ఆయన్నే వెళ్లి అడుగు. ఆయనకు గుర్తులేకపోతే, ఇప్పుడున్న చోటి నుంచి లోపలికి మెల్లగా, తగిలేదాకా మాత్రమే తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాసుకో. బిగించకు, కొన చెడితే అప్పుడు నిజంగానే కార్బురేటర్ మార్చాల్సి వస్తుంది. తర్వాత నీ మోడల్ మాన్యువల్‌లో ఇచ్చిన చుట్ల దాకా వెనక్కి విప్పు. ఇంజన్ బాగా వేడెక్కాక పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ, ఐడ్లింగ్ ఎక్కడ అన్నిటికంటే ఎక్కువగా, నిలకడగా ఉందో అక్కడ వదిలెయ్, ఆ తర్వాత ఐడ్లింగ్ స్క్రూతో వేగం మామూలుకు తీసుకురా. ఒక్క విషయం జాగ్రత్త: స్క్రూ కార్బురేటర్‌కి ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్ అవుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, లోపలికి తిప్పితే రిచ్. ఈ తేడా తెలియక రిచ్ చేయబోయి లీన్ చేసినవాళ్లను చాలామందిని చూశాను.

మైలేజీ 60 నుంచి 45కు పడటం మాత్రం నిజమైన సమస్యే, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ముందు ఆ 45 నిజమేనా అన్నది చూద్దాం. రెండొందలకు కొట్టించి మీటర్ చూసుకుంటే లెక్క రాదు. ఒకే బంకులో ట్యాంక్ నిండా కొట్టించు, 250 కిలోమీటర్లు తిరుగు, మళ్లీ అదే బంకులో అంతే మట్టానికి నింపి, పట్టిన లీటర్లతో భాగించు. రెండు సార్లు చేస్తే నమ్మకమైన అంకె వస్తుంది. నాన్నగారు 60 తెచ్చిన రోడ్లూ నువ్వు తిరిగే రోడ్లూ ఒకటి కాకపోవచ్చు, అది కూడా అడుగు ఆయన్ని.

పెట్రోల్ కూడా మారింది, ఇది చాలామంది పట్టించుకోరు. 2023 నుంచి మొదలై ఇప్పుడు బంకుల్లో దాదాపు అంతటా 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 వస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఆ లెక్కన ఇథనాల్ కలపని పెట్రోల్‌తో పోలిస్తే ఈ20లో శక్తి ఓ ఏడు శాతం తక్కువ. అంటే 60 కాస్తా 56 అవ్వొచ్చు, 45 అవ్వదు. రెండో సంగతి, మామూలు పెట్రోల్ ఒక గ్రాము పూర్తిగా కాలడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 గ్రాములు చాలు, ఎందుకంటే దాని బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజనే ఉంటుంది. ఈ20కి అది 13.5 దాకా దిగుతుంది. నీ 2012 కార్బురేటర్‌లో జెట్‌లకు ఈ సంగతి తెలియదు కదా, అవి పాత లెక్కనే పోస్తాయి, దాంతో మిశ్రమం పాత రోజులకంటే కొంచెం లీన్ వైపే ఉంటుంది. అలాంటి బండిని ఇంకా లీన్ చేయడం నాకు అసలు నచ్చని పని. (2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక స్ప్లెండర్‌తో సహా చాలా బళ్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటర్ మిశ్రమాన్ని సర్దుతుంది, వాటిలో ప్లగ్ రంగు చూసి తిప్పడానికి స్క్రూ కూడా ఉండదు. ఈ గొడవంతా మన పాత బళ్లదే.)

కాబట్టి మిగతా పది పదకొండు కిలోమీటర్ల మైలేజీ ఎక్కడ పోతోందో వెతకాలి, డబ్బు తక్కువ పట్టే చోట నుంచి మొదలుపెట్టి. బండి సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో రెండు చక్రాలూ చేత్తో తిప్పి చూడు, బ్రేక్ షూ రాసుకుంటుంటే అక్కడే తెలిసిపోతుంది. టైర్లలో గాలి, చైన్ బిగువు, క్లచ్ జారుతోందా అన్నది చూడు. వీటిలో ఏది చెడ్డా మైలేజీ పడుతుంది, ప్లగ్ రంగు మాత్రం మారదు. తర్వాత ఎయిర్ ఫిల్టర్. ఉప్పల్ ఫ్లైఓవర్ పనుల దుమ్ములో రోజూ తిరిగే బండికి మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఫిల్టర్ ఆగదు. గాలి తగ్గితే అదే పెట్రోల్‌కి మిశ్రమం చిక్కబడుతుంది, అన్ని వేగాల్లోనూ నల్లబడుతుంది. పేపర్ ఫిల్టర్ అయితే కడగడం, పెట్రోల్‌లో ముంచడం లాంటివి వద్దు, కొత్తది వెయ్యి. ఆ తర్వాత చోక్, అంటే చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి మిశ్రమాన్ని చిక్కబరిచేది. స్ప్లెండర్‌లో చోక్ లివర్ కార్బురేటర్ దగ్గరే ఉంటుంది, పొద్దున వేసి సగంలో మర్చిపోవడం, స్ప్రింగ్ వదులై దానంతట అదే కొంచెం దిగడం రెండూ జరిగేవే.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా బండి అన్ని వేగాల్లో నల్లగా కాలుస్తుంటే అప్పుడు కార్బురేటర్ లోపలికి వెళ్దాం. 2012 బండి కాబట్టి నాకు రెండు అనుమానాలున్నాయి. ఒకటి ఫ్లోట్ (కార్బురేటర్ గిన్నెలో పెట్రోల్ మీద తేలే ముక్క) దగ్గరి చిన్న వాల్వ్, దాని కొన అరిగితే పెట్రోల్ మట్టం పెరుగుతుంది, బండి ఆపాక పెట్రోల్ వాసన రావడం, కింద గొట్టంలోంచి చుక్కలు పడటం దాని గుర్తులు. రెండోది సూది, అది దిగే జెట్. ఇన్నేళ్ల అదురుకి సూది ఆ జెట్ రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలో అరగదీస్తుంది, అప్పుడు సగం ఎక్సలేటర్ దగ్గర, అంటే నువ్వు 45, 50 వేగంలో పోయే చోటే, ఎక్కువ పెట్రోల్ పోతుంది. నీ మైలేజీ కథకు ఇది బాగా సరిపోతోంది. అయినా దీనికి కార్బురేటర్ మొత్తం అక్కర్లేదు, సూది, జెట్, ఫ్లోట్ వాల్వ్, గ్యాస్కెట్లు కలిపి కిట్‌గా దొరుకుతాయి, రాణిగంజ్‌లోనో పుత్లీబౌలీలోనో అడుగు. పేరు లేని కిట్ మాత్రం కొనకు, జెట్ మీద నంబర్ ఒకటి, రంధ్రం ఇంకొకటి ఉంటుంది.

ప్లగ్ నంబర్ కూడా ఒకసారి చూడు, మెకానిక్ ఏది దొరికితే అది వేసి ఉండొచ్చు. ప్లగ్ ఎంత వేడిని ఇంజన్ తలకు (సిలిండర్ హెడ్‌కు) వదిలేస్తుందో ఆ నంబర్ చెప్తుంది. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో నంబర్ పెరిగితే ప్లగ్ చల్లటిది, బాష్‌లో అందుకు తిరకాసు, నంబర్ పెరిగితే వేడిది. చల్లటి ప్లగ్ వేస్తే మిశ్రమం సరిగ్గా ఉన్నా నల్లబడుతుంది, వేడిది వేస్తే తెల్లబడుతుంది. మాన్యువల్‌లో ఉన్న నంబర్ తప్ప ఇంకేదీ వేయకు.

ఇవి అయ్యాక అసలు పరీక్ష చెయ్యి. ఆదివారం పొద్దున్నే, బాగా తెల్లవారాక. నీకు వరంగల్ రోడ్డు దగ్గర, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ చేరేలోగా ఇంజన్ సరిగ్గా వేడెక్కుతుంది, అది దాటి బీబీనగర్ వైపు వెళ్తే ఖాళీ దొరుకుతుంది. ప్లగ్ పానా, స్ప్లెండర్‌కి 16 సైజుది, ఒక గుడ్డ, పాత బ్రష్ వెంట పెట్టుకో. ఇంటి దగ్గరే ఎక్సలేటర్ గ్రిప్ మీద, దాని పక్కన కదలని భాగం మీద టేప్ ముక్కలు అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకో, లేకపోతే ఎంత తిప్పావన్నది నీకే తెలియదు. నాలుగో గేర్‌లో సగం గుర్తు దగ్గర చెయ్యి కదపకుండా రెండు మూడు కిలోమీటర్లు నడుపు. వెనక ఎవరూ లేరని అద్దంలోనే కాదు, తల తిప్పి కూడా చూసుకుని, క్లచ్ నొక్కుతూనే తాళం ఆఫ్ చెయ్యి. ఆఫ్ దాకానే, హ్యాండిల్ లాక్ వైపు చెయ్యి పోనివ్వకు. ఆ ఊపులోనే పక్కకు వచ్చి ఆగు. ఐడ్లింగ్‌కి ఒక్క క్షణం కూడా రానివ్వకపోవడమే ఇందులో కిటుకు. మెకానిక్‌లు దీన్ని ప్లగ్ కట్టింగ్ అంటారు. ఇంజన్ ఆగాక రంగు ఎక్కడికీ పోదు, కాబట్టి వెంటనే విప్పాలని తొందరపడకు, ఇంజన్ తల కాలిపోతుంటే మరలు చెడతాయి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగు. ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్ము బ్రష్‌తో తీశాకే విప్పు, అది సిలిండర్‌లో పడకూడదు. మళ్లీ బిగించేటప్పుడు ముందు వేళ్లతో పూర్తిగా తిప్పి, తర్వాత పానాతో కొంచెం మాత్రమే బిగించు.

ఏం చూడాలంటే, అంచున ఉండే ఇనుప వలయం మీద పల్చగా మసి ఉంటే అది మామూలే, దాన్ని పట్టించుకోకు. మధ్యలో పింగాణీని చూడు, అందులోనూ లోపలికి, అడుగు దాకా. పాత పుస్తకాల్లో, వర్క్‌షాప్ గోడల మీద బొమ్మల్లో ఉస్మానియా బిస్కెట్ అంచులా చక్కటి గోధుమ రంగు కనిపిస్తుందే, దానికోసం వెతక్కు. ఆ రంగులో కొంత వాటా ఒకప్పుడు పెట్రోల్‌లో కలిపిన సీసం అనే లోహానిది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు, ఇప్పుడు ఇథనాల్ కూడా కలిసింది. ఇవాళ బాగున్న ప్లగ్ లేత బూడిద రంగులోనో, పాలు ఎక్కువైన టీ రంగులోనో, ఒక్కోసారి దాదాపు తెల్లగానో ఉంటుంది. పాత బొమ్మ రంగు తెప్పించాలని రిచ్ చేస్తూ పోతే మైలేజీ ఇంకా పడిపోతుంది. వెల్వెట్ గుడ్డలా పొడి మసి పింగాణీ అంతా కప్పేస్తే ఆ ఎక్సలేటర్ దగ్గర రిచ్, లేదా స్పార్క్ బలహీనం, అంటే ప్లగ్ క్యాప్, కాయిల్ కూడా చూడాలి. నల్లగా ఉండి తడిగా, జిడ్డుగా చేతికి అంటితే అది పెట్రోల్ గొడవే కాదు, ఇంజన్ ఆయిల్ పైకి వస్తోంది, పిస్టన్ రింగులు గానీ వాల్వ్ సీల్స్ గానీ అరిగాయి. అప్పుడు ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు.

రంగు మీద అనుమానం మిగిలితే చోక్‌ని అడుగు, నేను రంగుకంటే దీన్నే ఎక్కువ నమ్ముతాను. బండి ఇబ్బంది పెట్టే వేగంలో పోతూ చోక్ కొంచెం వేసి చూడు. బండి ఊపందుకుంటే అక్కడ లీన్‌గా ఉన్నట్టు, గొంతు మూసుకుపోయినట్టు బొబ్బొబ్బ అంటూ ఇంకా బరువెక్కితే రిచ్. లీన్ అని తేలితే జెట్‌ల జోలికి పోయే ముందు కార్బురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య అతుకులో గాలి లాగుతోందేమో చూడు. ఐడ్లింగ్‌లో ఆ అతుకు చుట్టూ సబ్బు నీళ్లు కొంచెం చల్లితే, లీకున్న చోట ఇంజన్ చప్పుడు మారిపోతుంది. పెట్రోల్ చల్లి చూడమని కొందరు చెప్తారు, వేడి ఇంజన్ మీద ఆ పని ఎప్పుడూ చేయకు.

వేడి గురించి అడిగావు. గాలితో చల్లబడే ఇంజన్ సిగ్నల్ దగ్గర ఆగితే వేడెక్కుతుంది, ఎండాకాలం ఇంకా ఎక్కువ. స్క్రూ సరిచేశాక టప్ టప్ పోయి, రోడ్డు మీద లాగుడు తగ్గకుండా ఉంటే ఆ వేడి గురించి వదిలెయ్. స్క్రూ సరిచేసినా టప్ టప్ అలాగే ఉంటే మాత్రం దూరప్రయాణాలు, ఫుల్ ఎక్సలేటర్ మానేసి ముందు ఆ అతుకు చూడు.

పరీక్ష అయ్యాక మళ్లీ రాయి. స్క్రూ ఎన్ని చుట్లలో ఉందో, ట్యాంక్ నుంచి ట్యాంక్‌కి మైలేజీ ఎంత వచ్చిందో, సగం ఎక్సలేటర్‌లో చోక్ వేస్తే బండి ఏం చేసిందో, ఈ మూడూ రాస్తే సూది మార్చాలా వద్దా అన్నది అప్పుడు చెప్పగలను. మెకానిక్ విప్పిన పాత నల్ల ప్లగ్ నీ దగ్గరే ఉంటే పారేయకు, బ్రష్‌తో మసి దులిపి గ్యాప్ సరిచూసి డిక్కీలో పెట్టుకో, దారిలో ఎప్పుడైనా పనికొస్తుంది.